సాక్ష్యం అడగని కథలు

క్వీర్ మనుషుల జీవితాల గురించి తెలుసుకోవాలంటే వాళ్ళ ఆత్మకథలు చదవాలి, లేదంటే వాస్తవిక కథలు చదవాలి. రాజ్యాలూ మంత్రాలూ తోడేలు మనుషులూ ఉండే నవలలు చదివితే మిగిలేది కాలక్షేపమే. మన సాహిత్య సభల్లో ఈ అభిప్రాయం ఎంతగా స్థిరపడిపోయిందంటే, ఎవరూ దాన్ని వాదించి నిలబెట్టాల్సిన అవసరమే లేకుండా పోయింది. ఒక్క మాట, పలాయనం, అనేస్తే చాలు. అంటున్నవాళ్ళు క్వీర్ మనుషుల్ని ద్వేషించేవాళ్ళయితే నేనీ వ్యాసం రాయను. వాళ్ళకు ఏ పుస్తకమైనా ఒకటే. అంటున్నది స్త్రీవాద, దళిత సాహిత్యాలను మనసుపెట్టి చదివినవాళ్ళు, 2018లో సుప్రీంకోర్టు 377 సెక్షన్ కోరలు పీకినప్పుడు నిజంగా సంతోషించినవాళ్ళు. మావాళ్ళు. అందుకే జవాబు చెప్పి తీరాలి.

క్వీర్ ఫాంటసీ నవలలు చదివి ఆన్‌లైన్‌లో కలిసి మాట్లాడుకునే ఒక చిన్న బుక్ క్లబ్బులో నేనూ ఒక పాఠకురాలిని. హైదరాబాద్, విశాఖ, బెంగళూరు నుంచి వచ్చేవాళ్ళున్నారు, సముద్రాల అవతలి నుంచి అర్ధరాత్రి మేలుకుని వచ్చేవాళ్ళున్నారు. మేం చదివేవి దాదాపు అన్నీ ఇంగ్లీషు పుస్తకాలే, మాట్లాడుకునేది మాత్రం తెలుగులో. ఈ పనిని సమర్థించుకోవాల్సి వస్తుందని మొదట్లో నేను అనుకోలేదు.

అవతలివాళ్ళ వాదాన్ని దాని పూర్తి బలంతోనే ముందు పెడతాను. పిల్లల్ని ఇళ్ళలోంచి గెంటేస్తున్నారు, అద్దెకు గది దొరకదు, ఉద్యోగంలో చేరిన రోజు నుంచి అబద్ధమాడుతూ బతకాలి. అలాంటప్పుడు ఏనాడూ లేని రాజ్యంలో ఇద్దరు స్త్రీలు ప్రేమించుకున్న కథ ఎవరికి అక్కరకొస్తుంది? సమస్య తీరిపోయిందన్న భ్రమ కల్పించి, పోట్లాడాల్సిన మనిషిని జోకొట్టడం తప్ప? ఈ ప్రశ్న వెనక ఉన్న బాధను నేను కాదనను. కానీ దాని కింద రెండు నమ్మకాలున్నాయి. వాస్తవిక నవల క్వీర్ జీవితాన్ని ఉన్నదున్నట్టు చూపించిందన్నది మొదటిది. ఫాంటసీకి లోకం పట్టదన్నది రెండోది. రెండూ తప్పే.

మొదటిదాన్ని చూద్దాం. 1952లో అమెరికాలో మారిజేన్ మీకర్ అనే యువ రచయిత్రి విన్ ప్యాకర్ అన్న కలం పేరుతో 'స్ప్రింగ్ ఫైర్' అనే నవల రాసింది. కాలేజీ హాస్టల్లో ఇద్దరమ్మాయిల ప్రేమ. చవక పేపర్‌బ్యాక్‌గా వచ్చి లక్షల కాపీలు అమ్ముడైంది. దాని ముగింపు సుఖాంతం కాకూడదని సంపాదకుడు ముందే షరతు పెట్టాడు. అలా ఉంటే తపాలా తనిఖీ అధికారులు పుస్తకాల కట్టలు ఆపేస్తారని ఆయన భయం. కాబట్టి ఒకమ్మాయికి మతి చలించాలి, రెండో అమ్మాయి తానెప్పుడూ ఆమెను ప్రేమించనే లేదని తెలుసుకోవాలి. అలాగే రాసింది. ఈ సంగతి ఆవిడే తర్వాతెప్పుడో చెప్పుకుంది. ఆ కాలంలో ఆ నవల చదివిన అమ్మాయిలు ఆ ముగింపును జీవితసత్యం అనుకున్నారు. వాళ్ళలో ఎవరికీ అది తపాలా శాఖకు భయపడి రాసిన పేజీ అని తెలిసే వీల్లేదు.

ఇంకాస్త వెనక్కి వెళితే, మనకు 'ఎ పాసేజ్ టు ఇండియా' రచయితగా బాగా తెలిసిన ఇ.ఎం. ఫార్‌స్టర్. 1913, 14 సంవత్సరాల్లో 'మారిస్' రాశాడు. ఇద్దరు మగవాళ్ళు ప్రేమించుకుంటారు, కలిసి ఉండిపోతారు. సుఖాంతం ఉండి తీరాలని పట్టుబట్టి రాశాడు. ఆ పట్టుదల వల్లే అది అచ్చుకు నోచుకోలేదు. కథానాయకుణ్ణి చంపేసి ఉంటే ప్రచురణ తేలికయ్యేదని ఆయనకూ తెలుసు, 1960లో ఆ నవలకు రాసిన వెనుకమాటలో ఆ సంగతే చెప్పాడు. ఇంగ్లండులో చట్టం మారింది 1967లో, ఫార్‌స్టర్ పోయింది 1970లో, పుస్తకం వచ్చింది 1971లో. యాభై ఏడేళ్ళు ఒక వాస్తవిక నవల బల్ల సొరుగులో పడి ఉంది. చేసిన నేరం ఇద్దరు మనుషుల్ని బతకనివ్వడం.

విషాదాంతాన్ని వాస్తవమనీ, సుఖాంతాన్ని కల్పన అనీ పిలిచే అలవాటు మనకు ఇలా అబ్బింది. ఆ విషాదాన్ని చట్టం, తపాలా, ప్రచురణకర్తల జంకు కలిసి రాశాయి. దాన్ని కొలబద్దగా పట్టుకుని, ఫాంటసీ ఆ కొలతకు సరిపోలేదంటే నేను ఒప్పుకోను.

తెలుగులో ఈ అలవాటుకు ఇంకో వేరు ఉంది. గురజాడ నుంచీ మనకు కథ అంటే సమాజాన్ని నిలదీసేది. ఆ సంప్రదాయం లేకపోతే ఈ వ్యాసం రాసే నోరు కూడా నాకు వచ్చేది కాదు. కాని దాని నీడలో అద్భుతాన్ని పిల్లల పత్రికలకూ జానపద సినిమాలకూ వదిలేశాం. ఒక్క సంగతి గుర్తుచేస్తాను. మన వాస్తవిక సాహిత్యానికి వెన్నెముక అనదగ్గ కొడవటిగంటి కుటుంబరావు, మధ్యతరగతి జీవితాన్ని ఆయనంత నిర్దాక్షిణ్యంగా చూసినవాడు లేడనిపించుకున్న మార్క్సిస్టు, 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా 'చందమామ' సంపాదకత్వం చేశారు. రాక్షసులూ బేతాళుడూ రాజకుమారులూ ఆయన బల్ల మీద దాదాపు మూడు దశాబ్దాలు తిరుగాడారు. ఆ పనిని ఆయన చిన్నచూపు చూడలేదు. ఆయన వారసులమని చెప్పుకునేవాళ్ళకు ఆ చిన్నచూపు ఎక్కడిది?

ఇక రెండో నమ్మకం. ఫాంటసీకి లోకం పట్టదంటారు. శామ్యూల్ డిలేనీ పేరు చెబుతాను. న్యూయార్క్ హార్లెమ్‌లో 1942లో పుట్టిన నల్లజాతి రచయిత, గే. 1979 నుంచి ఆయన నెవెరియాన్ అనే ప్రాచీన కల్పిత రాజ్యం మీద కథల వరస రాశాడు. కత్తులు, బానిసలు, డ్రాగన్లు, అన్నీ ఉంటాయి. మెడకు ఇనుప పట్టీతో గనిలో బానిసగా బతికి, బయటపడి, బానిసత్వాన్నే రద్దు చేయించే గోర్గిక్ అందులో ముఖ్యపాత్ర. అతను ప్రేమించేది మగవాళ్ళను. ఆ వరసలో మూడో సంపుటం 1985లో వచ్చింది. అందులో ఒక నవలిక ఉంది, కొల్హారి అనే రేవు పట్టణంలో వింత వ్యాధి ఒకటి పాకుతుంది, అది సోకేది ఎక్కువగా మగవాళ్ళను ప్రేమించే మగవాళ్ళకు. కథ నడుస్తూ నడుస్తూ ఆగిపోతుంది, మరుసటి పేరాలో మనం 1980ల న్యూయార్క్ వీధుల్లో ఉంటాం. స్నేహితులు చనిపోతున్నారు, వదంతులు తిరుగుతున్నాయి, ఏది నిజమో వైద్యులకే తెలియని రోజులు. మళ్ళీ కొల్హారి. మళ్ళీ న్యూయార్క్. అమెరికాలో ఒక పెద్ద ప్రచురణ సంస్థ నుంచి ఎయిడ్స్ మీద వచ్చిన మొట్టమొదటి కాల్పనిక రచనల్లో అదొకటి. అధ్యక్షుడు రీగన్ ఆ వ్యాధి మీద పూర్తిస్థాయి ప్రసంగం చేయడానికి 1987 దాకా ఆగాడు. మర్యాదస్తుల వాస్తవిక నవల అప్పటికింకా గొంతు సవరించుకుంటోంది. కత్తులూ డ్రాగన్ల పుస్తకం శవాల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టేసింది.

ఆ నవలికలో రచయిత తనకేం తెలియదో, పుస్తకం అచ్చయ్యేలోపు ఏమేం మారిపోవచ్చో కథ మధ్యలోనే పాఠకుడితో చెబుతాడు. కొల్హారి లేకపోతే ఆ మాట చెప్పడానికి ఆయనకు చోటుండేది కాదు. కల్పిత నగరంలో వ్యాధికి పేరు లేదు, కారణం తెలియదు, కాబట్టి భయం ఎలా పుడుతుందో, ఎవరి మీదికి మళ్ళుతుందో అక్కడ విడిగా కనిపిస్తుంది. ఆ పేజీల గురించి మాట్లాడుకున్న రోజు క్లబ్బులో కొందరు కోవిడ్ మొదటి నెలల్ని గుర్తుచేసుకున్నారు, ఎవరి వీధిని ముందు మూసేశారో, ఎవరి మతం పేరు ముందు వినిపించిందో. పారిపోయినవాళ్ళు ఇలా మాట్లాడుకోరు.

సేథ్ డికిన్‌సన్ 2015లో రాసిన 'ది ట్రెయిటర్ బారూ కార్మొరాంట్' దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, నా వాదానికి ప్రాణం అక్కడుంది. బారూ టారనోకే అనే దీవిలో పుడుతుంది. ఆమెకు ఒక తల్లి, ఇద్దరు తండ్రులు. ఆ దీవిలో అది మామూలు కుటుంబం. ఫాల్‌క్రెస్ట్ అనే సామ్రాజ్యం వస్తుంది. వచ్చేది యుద్ధనౌకలతో మాత్రమే కాదు. కాగితపు డబ్బుతో, బడితో, టీకాలతో, పరిశుభ్రతా సూత్రాలతో వస్తుంది. ఆ సూత్రాల్లో ఒకటి, ఆడది ఆడదాన్నీ మగాడు మగాడినీ ప్రేమించడం రోగమూ నేరమూ అన్నది. తండ్రుల్లో ఒకరు మాయమైపోతారు. పిల్ల బడిలో చదువుకుని, లెక్కల్లో మేటి అయి, సామ్రాజ్యాన్ని లోపలి నుంచే కూల్చాలని దాని కొలువులో చేరుతుంది. పదవి లెక్కల అధికారి. తన ప్రేమ ఆడవాళ్ళ మీదని బయటపడిన రోజున ఆమెకు శిక్ష తప్పదు. మంత్రం అన్నది ఈ నవలలో మచ్చుకైనా లేదు. ఉన్నదల్లా ఖాతా పుస్తకం, పన్ను, అప్పు, రిజిస్టరు.

ఇప్పుడు హైదరాబాదుకు రండి. నిజాం రాజ్యంలో 1329 ఫసలీలో, అంటే 1919లో, యూనక్స్ చట్టం అని ఒకటి చేశారు. అంతకుముందు 1871లో బ్రిటిష్ పాలకులు తెచ్చిన నేరస్థ తెగల చట్టంలో రెండో భాగం దానికి అచ్చు. హిజ్రాల పేర్లతో, చిరునామాలతో రిజిస్టరు ఉంచాలి. ఆడవేషంలో గాని నగలతో గాని వీధిలో కనబడినా, పాడినా, ఆడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు, రెండేళ్ళ దాకా జైలు. నిజాం పోయాడు, భారత రాజ్యాంగం వచ్చింది, ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, తెలంగాణ విడిపోయింది. చట్టం పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. ట్రాన్స్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి తదితరులు కోర్టుకెక్కితే 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు అది రాజ్యాంగవిరుద్ధమని కొట్టేసింది. ట్రాన్స్ మనుషులకూ ఆసరా పింఛన్లు ఇవ్వాలని ప్రభుత్వాన్ని ఆదేశించింది కూడా.

హైదరాబాదులో పుట్టి పెరిగిన మాలో ఎక్కువమందికి ఆ చట్టం గురించి బారూ నవల చర్చించుకున్న రోజే తెలిసింది. సభ్యుల్లో ఒక లాయరు ఉన్నారు. నవలలో రిజిస్టరు ప్రస్తావన రాగానే ఆవిడ ఆపి, ఇది కల్పన కాదు, మన ఊళ్ళోనే నూరేళ్ళకు పైగా ఉంది అన్నారు. అప్పటి నుంచి ఆ సాయంత్రం నవల మీద ఒక్కో వాక్యం, చట్టం మీద ఒక్కో వాక్యం నడిచింది. మనుషుల్ని రాసుకోవడం ఎప్పుడు మొదలైంది, రాసుకున్నవాడికి దాంతో ఏం పని, రిజిస్టరులో పేరున్న మనిషికీ లేని మనిషికీ తేడా ఏమిటి, ఈ రోజుల్లో ట్రాన్స్ గుర్తింపు కార్డు కోసం కలెక్టరు కార్యాలయం చుట్టూ తిరగడం దానికి దగ్గరా దూరమా. ఒక హిజ్రా కష్టాలు చెప్పే వాస్తవిక కథ మనకు ఆ మనిషి మీద జాలి కలిగిస్తుంది, కలిగించాలి కూడా. కాని ఆ మనిషి పుట్టకముందే రాసిపెట్టి ఉన్న రిజిస్టరును కథానాయకుణ్ణి చేయడం ఆ రూపానికి కష్టం. సామ్రాజ్యం మొత్తాన్ని మొదటి ఇటుక నుంచీ కట్టి చూపించే ఫాంటసీకి అది చేతనవుతుంది. ఒక చట్టం ఎలా పుడుతుందో, ఏ అవసరం కోసం పుడుతుందో, పుట్టకముందు ఆ దీవిలో మనుషులు ఎలా ఉండేవాళ్ళో అది వరసగా చూపించగలదు. ఇది ఎప్పుడూ ఇంతే అని అనుకునే చోట, ఫలానా రోజున ఫలానావాళ్ళు ఇలా చేశారు అని చెప్పగలదు.

ఆ నవల ముగింపు మా క్లబ్బును రెండుగా చీల్చింది. మరణం ఉంది, ఎవరిదో చెప్పను. మళ్ళీ అదే పాత కథ, ప్రేమించిన ఆడదానికి శిక్షే రాశాడని కొందరు కోప్పడ్డారు. ఆ శిక్షను ఎవరు, ఏ ఖాతాలో, ఏ లాభం కోసం రాశారో ఈ పుస్తకం చూపిస్తుంది కదా, 'స్ప్రింగ్ ఫైర్' చూపించలేకపోయింది కదా అని మిగతావాళ్ళు. నేను రెండో పక్షం. మొదటి పక్షంవాళ్ళను ఒప్పించలేకపోయాను, వాళ్ళ కోపం సహేతుకమైనదే.

ఇక సాక్ష్యం సంగతి. ఆత్మకథలే చదవండి అనేవాళ్ళు తరచుగా చూపించే పుస్తకం ఎ. రేవతిది. పి. సత్యవతి గారు 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగు చేశారు, సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం వచ్చింది. అది ప్రతి ఇంట్లో ఉండాల్సిన పుస్తకం. రేవతి తన ఇష్టంతో, తన ధైర్యంతో చెప్పింది. దాన్ని అడ్డుపెట్టుకుని, ప్రతి క్వీర్ మనిషీ మనకు తన గాయం చూపిస్తేనే సాహిత్యం అవుతుందనడం వేరు. నిజజీవిత కథ చర్చకు పెట్టిన సభల్లో నేను చూశాను: కాసేపట్లో పుస్తకం పక్కకు పోతుంది, గదిలో ఎవరు 'అలాంటివాళ్ళు' అని కళ్ళు వెతుకుతాయి. ఎవరైనా దొరికితే, మీ ఇంట్లో ఏమన్నారు, ఎప్పుడు తెలిసింది, ఏడ్చారా. అడిగేవాళ్ళ గొంతులో ప్రేమే ఉంటుంది. విచారణ విచారణే.

మా క్లబ్బులో కెమెరా ఎప్పుడూ ఆన్ చేయని సభ్యులున్నారు. పేరుకు బదులు ఒక అక్షరం పెట్టుకునేవాళ్ళున్నారు. పక్కగదిలో అమ్మానాన్నలు ఉన్నారని చాట్‌లో టైపు చేసి మాత్రమే మాట్లాడేవాళ్ళున్నారు. ఎయిడెన్ థామస్ 2020లో రాసిన 'సెమెటరీ బాయ్స్' చదివినప్పుడు అలాంటి ఒకరు అందరికంటే ఎక్కువ మాట్లాడారు. అందులో యాడ్రియల్ అనే ట్రాన్స్ అబ్బాయి, లాస్ ఏంజిలిస్‌లో శ్మశానాన్ని కాపాడుకుంటూ వచ్చే లాటిన్ అమెరికన్ కుటుంబంలో పుట్టినవాడు. ఆ వంశంలో ఆడవాళ్ళు వైద్యం చేస్తారు, మగవాళ్ళు ఆత్మలను సాగనంపుతారు, ఒక్కొక్కరికీ ఒక దీక్ష ఉంటుంది. మగపిల్లల దీక్ష ఇవ్వడానికి ఇంటివాళ్ళు ఒప్పుకోరు. అతను రాత్రిపూట రహస్యంగా చేసుకుంటే మృత్యుదేవత అంగీకరిస్తుంది. దేవత ఒప్పుకున్నదాన్ని నాన్న ఎందుకు ఒప్పుకోలేకపోతున్నాడు? మా సభ్యుడో సభ్యురాలో, నాకు తెలియదు, అడగను, ఆ ప్రశ్న మీద చాలాసేపు టైపు చేశారు. కర్మకాండ ఎవరు చేయాలి, కొరివి ఎవరు పెట్టాలి, ఇంటిపేరు ఎవరిది, పీటల మీద ఎవరు కూర్చోవాలి, అన్నీ వచ్చాయి. అన్నీ యాడ్రియల్ పేరు మీదే. ఒక్కసారి కూడా 'నేను' అనాల్సిన అవసరం ఆ మనిషికి రాలేదు. ఈ రక్షణను పలాయనం అనడానికి నాకు మనసొప్పదు. ఈ వ్యాసం రాస్తున్న నేను ఏమిటో ముందు చెప్పి ఆ తర్వాత మాట్లాడమనే షరతును కూడా అందుకే ఒప్పుకోను.

ఇదంతా పాశ్చాత్య సరుకు అనే మాట గురించి ఎక్కువ రాయను. కాకినాడ పక్కన సర్పవరంలో నారదుడు గుండంలో మునిగి స్త్రీ అయ్యాడనీ, పెళ్ళాడి అరవైమంది కొడుకుల్ని కన్నాడనీ, ప్రభవ నుంచి అక్షయ దాకా మన సంవత్సరాల పేర్లు వాళ్ళవేననీ స్థలపురాణం. ప్రతి ఉగాదికీ పంచాంగంలో ఆ పేరు వింటాం. అయితే మనకన్నీ అప్పుడే ఉన్నాయి, కొత్తవెందుకు అనేవాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. నారదుడి స్త్రీత్వం విష్ణుమాయ, గర్వభంగం కోసం వచ్చింది, పాఠం అయ్యాక తీసేశారు. కొడుకుల్ని పోగొట్టుకున్న ఆ తల్లి ఏమైంది? తిరిగి నారదుడు అవడం ఆమెకు ఇష్టమేనా? పురాణం ఆ ప్రశ్న వేయదు. ఆ ప్రశ్న వేసే నవలలు ఇప్పుడు మన చుట్టుపక్కలే పుడుతున్నాయి. కలకత్తా నుంచి ఇంద్రా దాస్ 'ది డివౌరర్స్' రాశాడు, షాజహాన్ కాలపు రూపాలు మార్చే జీవుల కథ, ఒంటరి చరిత్ర అధ్యాపకుడొకడు ఆ కథకు లేఖకుడు. శ్రీలంక నుంచి వజ్ర చంద్రశేఖర 2023లో 'ది సెయింట్ ఆఫ్ బ్రైట్ డోర్స్' ఇచ్చాడు, నెబ్యులా పురస్కారం గెలిచింది. పుట్టగానే తల్లి నీడను ఊడబెరికేసిన ఫెటర్ అనే కుర్రాడు, దేవుడిగా పూజలందుకునే తండ్రిని చంపడానికే పెరిగి, ఆ పని వదిలేసి నగరానికి వస్తాడు. అక్కడ అతనికి ఒక ప్రేమికుడు, చేతినిండా కాగితాలు, జాతుల వర్గీకరణ, క్వారంటైన్లు, నిర్బంధ శిబిరాలు. మతాధిక్యం రాజ్యమెలాగవుతుందో దక్షిణాసియాలో ఇంత నిబ్బరంగా చూపించిన నవలలు అరుదు. ఫెటర్ మగాణ్ణి ప్రేమించడం అందులో ఎవరికీ వార్త కాదు, ఆ పుస్తకం నాకు నచ్చడానికి అదీ ఒక కారణం.

పేలవమైన పుస్తకాలు లేవా అంటే బోలెడున్నాయి. అన్నీ మెత్తమెత్తగా, ఎవరికీ నొప్పి తగలకుండా రాసినవి వరసగా వస్తున్నాయి. టి.జె. క్లూన్ 2020లో రాసిన 'ది హౌస్ ఇన్ ది సెరూలియన్ సీ' చాలామందికి ప్రాణం. మాంత్రిక శక్తులున్న అనాథ పిల్లల దీవి, అక్కడికి తనిఖీకి వచ్చిన గుమాస్తా, ఆశ్రమం నడిపే మనిషితో అతని ప్రేమ. కెనడాలో ఆదివాసీ పిల్లల్ని ఇళ్ళ నుంచి లాక్కుని పరాయి కుటుంబాలకిచ్చిన చరిత్ర చదివాక ఈ ఆలోచన వచ్చిందని రచయితే చెప్పాడు. అంత ఘోరాన్ని ఇంత హాయిగా మలచవచ్చా అని విమర్శ వచ్చింది. నాకు ఆ విమర్శ సబబే అనిపిస్తుంది. మా క్లబ్బులో ఆ పుస్తకాన్ని ఇష్టపడ్డవాళ్ళే ముందుగా ఆ ప్రశ్న లేవనెత్తారు. చెడ్డ వాస్తవిక నవలలు వచ్చినప్పుడు మనం ఆ నవలల్ని తిట్టాం, వాస్తవికతను కొట్టేయలేదు. ఫాంటసీకి ఆ మర్యాద ఎందుకు దక్కదో చెప్పాలి.

చివరగా, ఈ వాదం వెనక పైకి చెప్పని ఒక కోరిక ఉంది. సానుభూతి కలవాళ్ళకు మంచి క్వీర్ మనిషి కావాలి. బాధపడేవాడు, సహించేవాడు, అన్యాయం జరిగినవాడు. ఎలెన్ కుష్నర్ 1987లో రాసిన 'స్వోర్డ్స్‌పాయింట్' ఆ కోరికను తీర్చదు. పేరు లేని ఒక నగరంలో, రివర్‌సైడ్ అనే బీదల పేటలో ఉండే రిచర్డ్ సెయింట్ వియర్ డబ్బు తీసుకుని కత్తియుద్ధంలో మనుషుల్ని చంపేవాడు. అతని ప్రియుడు అలెక్, చదువు వదిలేసిన పండితుడు, నోరు తెరిస్తే విషం. ఇద్దరూ మగవాళ్ళన్న సంగతి ఆ నగరంలో ఎవరూ పట్టించుకోరు. పట్టించుకునేది ఎవరు ఎవరికి అమ్ముడుపోయారు, ఏ ప్రభువు కక్ష ఎవరి మెడకు చుట్టుకుంది అన్నది. ఆ నవల మీద మా క్లబ్బు కూడినప్పుడు ఒక సభ్యుడు రిచర్డ్ మీద మండిపడ్డాడు. డబ్బుకోసం ప్రాణం తీసేవాణ్ణి ఎలా ప్రేమించమంటారు అన్నాడు. ఇంకొకరు అతణ్ణి వెనకేసుకొచ్చారు. రివర్‌సైడ్‌లో బతికేవాడికి ప్రభువులు ఇంకే పని ఇచ్చారని అడిగారు. కూలి గురించి, హత్య గురించి, విశ్వాసం గురించి వాదన తెగలేదు. రిచర్డ్ పక్కన పడుకున్నది మగాడన్న ఊసు ఆ రెండు గంటల్లో ఎవరి నోటా రాలేదు.